బండ్లన్నీ కరెంటువైతే ఈ ట్రాన్స్‌ఫార్మర్ ఆగుతుందా? 168 ఫ్లాట్ల కేసు

నేపథ్యం

హైదరాబాద్ పడమటి వైపున్న ఒక గేటెడ్ కమ్యూనిటీ. ఐదు బ్లాకులు, 168 ఫ్లాట్లు, రెండంతస్తుల సెల్లార్, మూలన కంచె లోపల ఒక 500 కేవీఏ (మోయగల భారానికి కొలత) ట్రాన్స్‌ఫార్మర్. కట్టి పదేళ్లు దాటింది. కట్టినప్పుడు ఒక్క ఎలక్ట్రిక్ కారు కూడా లేదు, వస్తుందని బిల్డర్ అనుకోలేదు కూడా. గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను.

నేను అపార్ట్‌మెంట్లకు ఎల్‌టీ వైపు పని చేసే కన్సల్టెంట్‌ని. అంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర్నుంచి మీ ఇంటి మీటరు దాకా ఉండే ప్యానెళ్లు, కేబుళ్లు, ఎర్తింగు నా బాధ్యత. ఈ కేసు రాయడానికి కారణం ఒకటే. ఇందులో నేను ఒక తప్పు సలహా ఇచ్చాను. కాగితం మీద అది చాలా తెలివైన సలహాలా కనిపించింది.

నన్ను పిలిచేనాటికి అక్కడ 23 ఎలక్ట్రిక్ కార్లు ఉన్నాయి. మొత్తం కార్లు 190, టూ వీలర్లు 140. ఈ అంకెలు గుర్తుంచుకోండి, లెక్కలో మళ్లీ వస్తాయి.

వచ్చిన సమస్య

2024 ఏప్రిల్‌లో ఒక రాత్రి పదింబావుకి ఐదు బ్లాకులకూ కరెంటు పోయింది. జనరేటర్ అందుకుంది, లిఫ్టులు నడిచాయి, ఏసీలు మాత్రం ఆగిపోయాయి. చూస్తే బయట లైన్ ఉంది. మెయిన్ ప్యానెల్‌లో ఇన్‌కమర్ ఏసీబీ, అంటే మొత్తం కరెంటు లోపలికి వచ్చే చోట ఉండే పెద్ద బ్రేకరు, ట్రిప్ అయింది. ఎలక్ట్రీషియన్ మళ్లీ వేశాడు. నలభై నిమిషాలకు మళ్లీ పడింది. మర్నాడు కూడా ఇదే.

సెక్రటరీ గారు ఫోన్‌లోనే తీర్పు చెప్పేశారు. "సార్, ఈవీలు ఎక్కువైపోయాయి, ట్రాన్స్‌ఫార్మర్ చాలట్లేదు. ఇంకో 500 పెట్టించాలి. మీరు వచ్చి ఒక లెటర్ రాసివ్వండి చాలు." అప్పటికే ఒక కాంట్రాక్టరు ఇచ్చిన ఎస్టిమేట్ వాళ్ల చేతిలో ఉంది. పంచితే ఫ్లాటుకు పాతిక వేలు పైమాటే. కారు లేనివాళ్లు, పెట్రోలు కారు ఉన్నవాళ్లు "మేమెందుకు ఇవ్వాలి" అంటున్నారు. ఈవీ ఉన్నవాళ్లకు పార్కింగ్‌లో పలకరింపులు తగ్గాయట.

లెటర్ రాయకుండా ముందు ఒక రాత్రి ప్యానెల్ రూములో కూర్చుంటానన్నాను. ఎందుకంటే 23 కార్లు 500 కేవీఏని పడగొట్టడం నాకు లెక్కకు అందలేదు. అన్నీ ఒకేసారి 7.2 కిలోవాట్ల చొప్పున తీసుకున్నా 165 కిలోవాట్లే. అన్నీ ఒకేసారి తీసుకోవు కూడా.

ప్యానెల్ రూములో

ఎలక్ట్రీషియన్ కుర్రాడు తలుపు తీయగానే వేడెక్కిన పీవీసీ వాసన వచ్చింది. "నిన్నటి నుంచి ట్రిప్ అవ్వట్లేదు సార్, సరిచేశాను" అన్నాడు గర్వంగా. ఏం చేశావంటే ఏసీబీ మీదున్న చిన్న డయల్ చూపించాడు. 800 ఆంపియర్ల బ్రేకరు. ఓవర్‌లోడ్ సెట్టింగ్ 0.8 మీద, అంటే 640 దగ్గర ఉండేది. స్క్రూడ్రైవర్‌తో దాన్ని 1.0కి తిప్పేశాడు. బ్రేకరు ఇక నోరెత్తదు. కానీ ఆ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడ్ కరెంటు ఫేజుకు 667 ఆంపియర్లు. కాపలా కుక్క మొరుగుతోందని దాని మూతి కట్టేసినట్టయింది. అతన్ని తిట్టలేదు. 168 ఇళ్లవాళ్లు ఫోన్ చేసి అరుస్తుంటే ఎవరైనా అదే చేస్తారు.

పదిన్నరకు టాంగ్ టెస్టర్, అంటే కేబుల్‌కు తగిలించి కరెంటు కొలిచే మీటరు, పెట్టి మూడు ఫేజులూ చూశాను. ఆర్ ఫేజు 490. వై ఫేజు 520. బి ఫేజు 780.

సమస్యంతా ఆ మూడు అంకెల్లోనే ఉంది. మూడూ కలిపితే సుమారు 430 కేవీఏ, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం లోపే. కానీ ఒక్క బి ఫేజు మీద 17 శాతం అదనపు భారం. ఫేజుల మధ్య తేడా వల్ల, కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరులో 270 దాటి పారుతోంది. 3.5 కోర్ కేబుల్‌లో న్యూట్రల్‌ది 'అర' సైజు. రెండు కేబుళ్లు పక్కపక్కన పంచుకుంటున్నాయి కాబట్టి సరిపోయింది. బి ఫేజు లగ్ (కేబుల్ చివర బిగించే లోహపు ముక్క) దగ్గర మాత్రం నీలం స్లీవ్ ముదిరి నల్లబడింది, టేపు జిగురు కారి కింద చుక్కలుగా గడ్డకట్టింది.

ఎలా జరిగిందంటే, మొదటి ఈవీ యజమాని ఛార్జరు పెట్టించుకున్నప్పుడు సెల్లార్‌లో దగ్గరగా ఉన్న బోర్డు నుంచి లైన్ లాగారు. ఆ వైరు బి ఫేజుది. రెండో ఆయన పక్కనే తగిలించుకున్నాడు. అలా 14 మంది. ఇంట్లో పెట్టే 7.2 కిలోవాట్ల ఛార్జరు సింగిల్ ఫేజుది, ఒక్కోటి 31 ఆంపియర్లు తీసుకుంటుంది. ఆ రాత్రి తొమ్మిది కార్లు ఛార్జింగ్‌లో ఉన్నాయి. తొమ్మిది ముప్పై ఒకట్లు 279. ఇళ్ల లోడ్ 500 దానికి కలిపితే సరిగ్గా లెక్క కుదిరింది. ప్రతి ఒక్కరూ తమ ఛార్జరు వరకు బాగానే పెట్టించుకున్నారు. పద్నాలుగూ కలిస్తే ఏమవుతుందో చూసే మనిషి లేడు.

ముందుగా డయల్ వెనక్కి 0.8కి తిప్పి, దాని మీద కాగితం అంటించి తేదీ, సంతకం పెట్టాను. ఆ వారంలోనే ఛార్జర్లను మూడు ఫేజుల మీదకు పంచాం, కాలిన లగ్ మార్చాం, ఓవర్‌లోడ్‌కు పడే ఎంసీబీ మాత్రమే ఉన్న లైన్లకు, షాక్ నుంచి కాపాడే ఆర్‌సీసీబీలు పెట్టాం. అదే తొమ్మిది కార్లతో మళ్లీ రీడింగ్ తీస్తే మూడు ఫేజులూ 580 నుంచి 610 మధ్య వచ్చాయి. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదని రాసిచ్చాను.

ఇక్కడితో అయిపోతే ఇది కేస్ స్టడీ అయ్యేది కాదు, మామూలు మెయింటెనెన్స్ పని అయ్యేది.

క్లబ్‌హౌస్‌లో అడిగిన ప్రశ్న

జనరల్ బాడీ మీటింగ్‌లో నా రిపోర్టు చదివాక, బ్యాంకులో రిటైరైన ఒక పెద్దాయన లేచారు. "అంతా బాగుందండీ ఇంజినీరు గారూ. ఇప్పుడు 23. రేపు 190 కార్లూ కరెంటువే అయితే? మన సంగతి అటుంచండి, దేశంలో లారీలు, బస్సులు, బండ్లన్నీ అయితే? ఇంకో దేశమంత కరెంటు కావాలి కదా?"

మంచి ప్రశ్న. దానికి జవాబుగా వైట్‌బోర్డు మీద రాసిన లెక్కే తర్వాత మా పని మొత్తానికి ఆధారమైంది. అందుకే ఇక్కడ కొంచెం ఆగుతాను.

ముందు దేశం లెక్క. 2023-24లో మన దేశంలో అమ్ముడైన పెట్రోలు దాదాపు 3.7 కోట్ల టన్నులు, డీజిలు దాదాపు 9 కోట్ల టన్నులు. పెట్రోలును లీటర్లలోకి మారిస్తే సుమారు 5,000 కోట్ల లీటర్లు. ఒక లీటరు పెట్రోలుతో కారు 15 కిలోమీటర్లు పోతుందనుకుందాం. అదే దూరం కరెంటు కారు పోవడానికి గోడ సాకెట్ నుంచి రెండు యూనిట్ల పైన చాలు. స్కూటరు లీటరుకు 50 పోతుంది. కరెంటు స్కూటరుకు ఆ దూరానికి యూనిటున్నర. సగటున లీటరుకు రెండు యూనిట్లు వేసుకుంటే పెట్రోలు బండ్లన్నిటికీ 10,000 కోట్ల యూనిట్లు.

డీజిలు సుమారు 10,800 కోట్ల లీటర్లు. అదంతా రోడ్డు మీద తగలబడదు. రైళ్లు, ట్రాక్టర్లు, పంపులు, జనరేటర్లు కొంత తాగుతాయి. ముప్పావు వంతు రోడ్డుదనుకున్నాను. బస్సు లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తుంది, కరెంటు బస్సుకు కిలోమీటరుకు ఒక యూనిటు, ఒకటింబావు పడుతుంది. డీజిలు కార్లు, చిన్న ట్రాలీలు కలుపుకుని సగటున లీటరుకు నాలుగు యూనిట్లు వేస్తే 32,000 కోట్ల యూనిట్లు. రెండూ కలిపి 42,000 కోట్లు.

అదే ఏడాది దేశంలో తయారైన కరెంటు దాదాపు 1,74,000 కోట్ల యూనిట్లు. అంటే రోడ్డు మీద బండ్లన్నీ మారినా అదనంగా కావలసింది నాలుగో వంతు. ఇది నా చేతి లెక్క, అటూ ఇటూ అయిదో వంతు తేడా ఉండొచ్చు. ఆ ఏడాది మన ఉత్పత్తి అంతకు ముందు ఏడాదికన్నా ఏడు శాతం పెరిగింది. అదే వేగంతో పోతే నాలుగో వంతు పెరగడానికి మూడు నాలుగేళ్లు. బండ్లన్నీ మారడానికి పదిహేను, ఇరవై ఏళ్లయినా పడుతుంది.

పెద్దాయన ముఖంలో కొంచెం నిరాశ కనిపించింది. ఇంత చిన్న అంకె వస్తుందని ఆయన అనుకోలేదు. తక్కువ రావడానికి కారణం ఇంజను. పెట్రోలులో ఉన్న శక్తిలో నాలుగింట మూడొంతులు వేడిగా పోతుంది. చక్రానికి చేరేది మిగిలిన కాస్తే. మోటారు ఆ వృథా చేయదు.

అయితే బోర్డు మీద ఇంకో రెండు అంకెలు రాశాను. ఆ 42,000 కోట్ల యూనిట్లను ఏడాది పొడవునా ఇరవై నాలుగు గంటలకు సమానంగా పంచితే 48 వేల మెగావాట్లు. అదే అందరూ సాయంత్రం ఇంటికొచ్చి ఏడు నుంచి పన్నెండు లోపు ఛార్జింగ్ పూర్తి చేసుకుంటే 2 లక్షల 30 వేల మెగావాట్లు. 2024 మే 30న దేశం చూసిన రికార్డు డిమాండ్ 2 లక్షల 50 వేల మెగావాట్లు. అంటే యూనిట్లు అవే ఉన్నా, గంటలు సరిగ్గా కుదిరితే ఐదో వంతు బరువు, కుదరకపోతే ఇంకో దేశమంత బరువు. పెద్దాయన భయం ఒక రకంగా నిజమే.

తర్వాత అపార్ట్‌మెంట్ లెక్క. ఓడోమీటర్లు చూసి అడిగితే కారు సగటున రోజుకు 30 కిలోమీటర్లు తిరుగుతోంది. కదలని రోజులు కూడా అందులో కలిసే ఉన్నాయి. 190 కార్లకు కిలోమీటరుకు 0.15 చొప్పున 855 యూనిట్లు. 140 టూ వీలర్లు రోజుకు 20 కిలోమీటర్లు తిరిగినా అన్నీ కలిపి 84 యూనిట్లు. దేశంలో రిజిస్టరైన బండ్లలో నాలుగింట మూడొంతులు టూ వీలర్లే. కరెంటు లెక్కలో మాత్రం వాటి వాటా గోరంత. వాటితో వచ్చే ప్రమాదం వేరు. బాల్కనీలోంచి వేలాడే ఎక్స్‌టెన్షన్ బోర్డులు నాకు ట్రాన్స్‌ఫార్మర్ కన్నా ఎక్కువ టెన్షన్ పెట్టాయి.

మొత్తం రోజుకు 940 యూనిట్లు. అప్పటి ఇళ్ల వాడకం, లిఫ్టులు, మోటార్లతో కలిపి, ఏడాది సగటున రోజుకు 1,800. అంటే సగం పైన పెరుగుతుంది. దేశానికి నాలుగో వంతు, వీళ్లకు సగం. ఇంటికి ఒక కారు మించి ఉన్న చోట అంతే మరి. కానీ 940 యూనిట్లను రాత్రి పది నుంచి పొద్దున ఎనిమిది దాకా పంచితే 94 కిలోవాట్లు. 190 కార్లూ ఒకేసారి ప్లగ్ పెడితే 1,368 కిలోవాట్లు. ఒకే బండ్లు, ఒకే యూనిట్లు, పద్నాలుగు రెట్లకు పైగా తేడా.

ట్రాన్స్‌ఫార్మర్‌కి ఫేజుకు 600 ఆంపియర్ల హద్దు పెట్టుకుని, ఏప్రిల్ రాత్రి గంట గంటకూ ఇళ్ల లోడ్ పోగా మిగిలేది కూడితే దాదాపు 1,300 యూనిట్లకు చోటు ఉంది. 940 అందులో పడుతుంది. కాగితం మీద ఈ పాత 500 కేవీఏతోనే కాలనీ మొత్తం మారిపోవచ్చు. నేను కూడా రెండుసార్లు కూడి చూసుకున్నాను.

టైమర్లు

2024 నవంబరులో తెలంగాణ కొత్త ఈవీ విధానంతో రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తేశారు. ఆ చలికాలంలోనే ఇక్కడ 23 కార్లు 41 అయ్యాయి. మార్చి మొదటి వారానికి ఏసీలు మొదలయ్యాయి, సెక్రటరీ గారి ఫోనూ మొదలైంది.

ముందు వాళ్లే ఒక పద్ధతి పెట్టుకున్నారు. సరి ఫ్లాట్లు ఒక రోజు, బేసి ఫ్లాట్లు ఒక రోజు, వాట్సాప్‌లో లిస్టు. అది పదకొండు రోజులు నడిచింది. పన్నెండో రోజు పొద్దున్నే ఎయిర్‌పోర్టుకు వెళ్లాల్సిన ఒకాయన తనది కాని రోజున ప్లగ్ పెట్టాడు. ఇంకొకాయన దాన్ని పీకేశాడు. దాని గురించి ఇంతకన్నా రాయనవసరం లేదు.

అప్పుడు నేను సలహా ఇచ్చాను. ప్రతి కారులోనూ, ఛార్జరు యాప్‌లోనూ టైమరు ఉంటుంది. అందరూ రాత్రి 11:30కి మొదలయ్యేలా పెట్టుకోండి. ఖర్చు లేదు, గొడవ లేదు. ఎనిమిది నుంచి పదకొండు దాకా ఉండే ఇళ్ల రద్దీ తప్పించుకుంటాం. నా ఆలోచన తప్పని అప్పుడు ఎవరూ అనలేదు, నాకూ అనిపించలేదు.

మొదటి రాత్రి నేనే వెళ్లి నిల్చున్నాను. 11:25కి మూడు ఫేజులూ 470 దగ్గర ప్రశాంతంగా ఉన్నాయి. 11:30 దాటగానే సెల్లార్‌లో ఛార్జర్ల కాంటాక్టర్లు (లోపలి స్విచ్చులు) టకటకా పడిన చప్పుడు మెట్ల దాకా వినిపించింది. నిమిషంలో టాంగ్ టెస్టర్ 697 చూపించింది. ఏసీబీ మీద ఓవర్‌లోడ్ ఎర్ర లైటు వెలిగింది. చివరి బ్లాకులో వోల్టేజి 232 నుంచి 219కి పడింది. ఎలక్ట్రీషియన్ నా వైపు, తర్వాత డయల్ వైపు చూశాడు.

ఆ రాత్రి ప్లగ్‌లో ఉన్నవి 22 కార్లు. టైమర్లు లేని రోజుల్లో కూడా రాత్రికి ఇరవై పైచిలుకు కార్లు ఛార్జ్ అయ్యేవి, కానీ ఏ క్షణంలో చూసినా తొమ్మిదో పదో ఉండేవి. ఒకరు ఏడుకు వస్తారు, ఒకరు భోజనం చేసి గుర్తొచ్చి కిందకు దిగుతారు, ఒకరు పదకొండుకు షిఫ్టు ముగించుకుని వస్తారు. ఆ అడ్డదిడ్డమే ట్రాన్స్‌ఫార్మర్‌ని కాపాడుతూ వచ్చింది. మా భాషలో దాన్ని డైవర్సిటీ అంటాం. దాని మీదే ప్రతి అపార్ట్‌మెంట్ డిజైన్ నిలబడి ఉంటుంది. 168 ఫ్లాట్లకు ఒక్కోదానికి 8 కిలోవాట్లు మంజూరు చేసి 500 కేవీఏ పెట్టగలగడం ఆ ధైర్యంతోనే. నేను వెళ్లి నా చేత్తో దాన్ని తీసేశాను. ఇరవై రెండు మందిని వరుసలో నిలబెట్టి ఈల వేసినట్టయింది.

రెండో తప్పు ఇంకా సూక్ష్మమైనది. పదకొండుకు ఇళ్ల లోడ్ దిగిపోతుందని నేను అనుకున్నాను. శీతాకాలంలో దిగుతుంది. హైదరాబాద్ వేసవిలో పడుకోబోయే ముందే అన్ని బెడ్‌రూముల్లో ఏసీలు ఆన్ అవుతాయి, గోడల వేడి లాగేసి కంప్రెసర్లు నెమ్మదించేసరికి రాత్రి ఒంటిగంట. అసలైన ఖాళీ ఒంటిగంట తర్వాతే. ఆ రాత్రి నా పుస్తకంలో ఉన్న రీడింగ్ చూడండి. తెల్లవారుజామున రెండున్నరకు ఫేజుకు 380. ఒక్క కారు కూడా ఛార్జింగ్‌లో లేదు, అన్నీ ఎప్పుడో నిండిపోయాయి. చోటు లేనప్పుడు కిక్కిరిసి, చోటు ఉన్నప్పుడు ఎవరూ లేరు.

697 అంటే పూర్తి లోడ్ 667 మీద నాలుగు శాతమే కదా, నూనె ట్రాన్స్‌ఫార్మర్ గంటసేపు ఆమాత్రం ఓర్చుకోదా అని ఒక మిత్రుడు అడిగాడు. ఓర్చుకుంటుంది. నూనె వేడెక్కడానికే గంటలు పడుతుంది. నా భయం ఆ రాత్రి గురించి కాదు. కార్లు 41 నుంచి 80 అయితే టైమర్ల దెబ్బ కూడా రెట్టింపవుతుంది. టైమర్ల సమయాలు బ్లాకుల వారీగా అరగంట తేడాతో పెట్టి చూడమన్నారు. పెట్టాం. కొత్త కారు వచ్చిన ప్రతిసారీ, ఫోన్ మార్చిన ప్రతిసారీ, యాప్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఎవరిదో ఒకరిది చెదిరిపోయేది. మూడు వారాల తర్వాత వదిలేశాం.

పనికొచ్చింది

గడియారం చూసి పనిచేసేది కాకుండా, ట్రాన్స్‌ఫార్మర్‌ని చూసి పనిచేసేది కావాలని అప్పుడు స్పష్టమైంది. ఇన్‌కమర్ మీద మూడు సీటీలు, అంటే ఫేజుకొకటి చొప్పున కరెంటు కొలిచే పరికరాలు, పెట్టాం. ఒక కంట్రోలర్ కొన్ని సెకన్లకోసారి మూడు ఫేజులనూ చదువుతుంది. 600లో ఇళ్లు వాడుకోగా మిగిలింది లెక్కేసి, ఛార్జింగ్‌లో ఉన్న కార్లకు పంచుతుంది. ఇళ్లు ముందు, కార్లు తర్వాత. మిగులు తగ్గితే 31 ఆంపియర్లు తీసుకుంటున్న కారు 12కి, 6కి దిగుతుంది. ప్రమాణాల ప్రకారం ఛార్జరు 6కి తగ్గితే ఇంకా తగ్గించలేం, అక్కడ ఆపేయాల్సిందే. కాబట్టి చోటు మరీ తక్కువైతే కొన్ని కార్లు క్యూలో నిలబడి వంతుల వారీగా తీసుకుంటాయి.

600 ఎందుకు, 667 ఎందుకు కాదు అని కమిటీలో అడిగారు. రెండు కారణాలు చెప్పాను. ఏసీబీ 640 మీద ఉంది, దాని లోపు ఉండాలి. రెండోది, ఇప్పటిదాకా ఆ ట్రాన్స్‌ఫార్మర్ తెల్లవారుజామున చల్లబడేది. మనం ఇప్పుడు ఆ విశ్రాంతి గంటలను కార్లతో నింపబోతున్నాం. లోపల ఇన్సులేషన్ కాగితం వేడి హద్దు దాటాక ప్రతి ఆరు డిగ్రీలకూ రెండింతలు వేగంగా ముసలిదవుతుంది. నిద్ర తగ్గించినవాడికి బరువు కూడా తగ్గించాలి కదా.

కనెక్షన్ విషయంలో ఎక్కువ ఆలోచించాం. ఎవరి ఫ్లాటు మీటరు నుంచి వాళ్లు లాగితే బిల్లు సులువు. కానీ ఒక్కొక్కరి లైను విడిగా ఉంటే కంట్రోలర్‌కి అందవు, పై స్లాబులో యూనిటు ధర కూడా ఎక్కువ. 2024 ఫిబ్రవరిలో కేంద్రం వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించింది. ఈవీ ఛార్జింగ్ కోసం విడి కనెక్షన్‌ను సొసైటీ కూడా అడగొచ్చు, ఫ్లాటు యజమాని కూడా అడగొచ్చు. సొసైటీ పేరుతోనే తీసుకున్నాం. ఈవీ లేనివాళ్ల అభ్యంతరం సగం అక్కడే తీరిపోయింది, ఆ బిల్లు వాళ్ల మెయింటెనెన్స్‌లోకి రాదు. కార్డు చూపించి ఛార్జ్ చేసుకున్నవాళ్లే కడతారు. మిగతా సగం అభ్యంతరం ఖర్చు చూశాక తగ్గింది. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఎస్టిమేట్‌లో ఇది మూడో వంతు.

అనుకోకుండా సమయం తినేసింది సెల్లార్. రెండో అంతస్తులో ఫోన్ సిగ్నలే లేదు, వైఫై కాంక్రీటు స్తంభాలు దాటదు. ఛార్జర్లన్నీ కంట్రోలర్‌తో మాట్లాడకపోతే ఈ మొత్తం ఏర్పాటు దండగ. చివరికి కేబుల్ ట్రేలోనే నెట్‌వర్క్ వైరు లాగాం. వైరు తెగినా, కంట్రోలర్ ఆగినా ప్రతి ఛార్జరు దానంతటదే 6 ఆంపియర్లకు దిగిపోయేలా సెట్ చేశాం. ఇది సప్లయర్‌తో పట్టుబట్టి చేయించాల్సి వచ్చింది. వాళ్ల మామూలు సెట్టింగ్‌లో కంట్రోలర్ ఆగితే ఛార్జరు పూర్తి వేగంతో నడుస్తుంది. కస్టమర్ ఫిర్యాదు చేయకూడదని అలా పెడతారు. ఆ ఒక్క సెట్టింగ్ అడగకుండా వదిలేస్తే, ఏదో ఒక వేసవి రాత్రి మళ్లీ 780 చూసేవాళ్లం.

పాత పద్నాలుగు ఛార్జర్లలో తొమ్మిది ఈ కంట్రోలర్ మాట వినేవి కావు. వాటి యజమానులను మార్చుకోమని బలవంతం చేయలేదు. వాటిని 16 ఆంపియర్లకు లాక్ చేసి, వాటి లోడును ఇళ్ల లోడులా లెక్కేశాం. మెల్లగా వాళ్లే మార్చుకుంటున్నారు.

మనుషుల వైపు ఒక చిన్న మార్పు చాలా పనిచేసింది. యాప్‌లో "ఎంత వేగంగా" అని కాకుండా "పొద్దున ఎన్నింటికి బండి కావాలి" అని అడిగాం. ఎనభై శాతం మంది ఎనిమిది అని పెట్టి మర్చిపోయారు. ఎయిర్‌పోర్టు ఆయన నాలుగు అని పెట్టుకుంటే క్యూలో ముందుకు జరుగుతాడు, ఎవరి ప్లగ్గూ పీకక్కర్లేదు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు పగలు పది నుంచి నాలుగు మధ్య యూనిటుకు సొసైటీ ఒక రూపాయి తగ్గించింది. గ్రిడ్‌లో సోలార్ ఉండే గంటలు అవే. ట్రాన్స్‌ఫార్మర్ మీద కూడా ఇళ్లు ఖాళీగా ఉండే గంటలు అవే. మూడో వంతు కార్లు పగలు సెల్లార్‌లోనే పడి ఉంటాయని ఓడోమీటర్లు చూసి అడిగినప్పుడే తెలిసింది.

తర్వాతి వేసవిలో, 58 కార్లున్నప్పుడు, మళ్లీ ఒక రాత్రి కూర్చున్నాను. పదిన్నరకు ఇళ్ల లోడు 510. కార్లు మిగతా 90లో ఒదిగి, తొమ్మిది క్యూలో ఉన్నాయి. ఒంటిగంట తర్వాత ఏసీలు నెమ్మదించేకొద్దీ కార్లు వేగం అందుకున్నాయి. తెల్లవారుజామున మూడింటికల్లా అన్నీ నిండాయి. ఆ రాత్రి అత్యధికం 598.

తర్వాతి కేసులకు నేను మార్చుకున్నవి

ఇప్పుడు ఎవరు ఫోన్ చేసి "ట్రాన్స్‌ఫార్మర్ చాలట్లేదు" అన్నా మొదట మూడు ఫేజుల రీడింగ్ విడివిడిగా ఫోటో తీసి పంపమంటాను. కలిపిన కేవీఏ అంకె నాకు అక్కర్లేదు. సగం కేసులు అక్కడే తేలిపోతున్నాయి.

ఈవీలు ఎన్ని ఉన్నాయని అడగడం మానేశాను. ఏ గంటకు ఎన్ని ప్లగ్‌లో ఉంటాయో అడుగుతాను. టైమర్ల సలహా నాలుగైదు కార్లున్న చిన్న అపార్ట్‌మెంట్లకు మాత్రమే ఇస్తున్నాను, అది కూడా ఒక్కో కారుకు ఒక్కో గంట.

కొత్తగా కడుతున్న బిల్డర్లకు మాత్రం పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కన్నా ముందు సెల్లార్‌లో ఖాళీ కేబుల్ ట్రే, మూడు ఫేజుల ఈవీ బోర్డుకు చోటు, నెట్‌వర్క్ వైరుకు ఒక పైపు వదలమంటున్నాను. కట్టేటప్పుడు వేల రూపాయల్లో అయ్యే పని, తర్వాత స్లాబుకు కన్నం కొట్టాల్సి వస్తే లక్షల్లో అవుతుంది.

ఈ కేసులో తేలనిది ఒకటి మిగిలింది. మా హద్దు మా ట్రాన్స్‌ఫార్మర్ దాకానే. సబ్‌స్టేషన్ నుంచి మాకు వచ్చే లైను, అదే 11 కేవీ ఫీడరు మీద ఆ రోడ్డులో ఇలాంటి గేటెడ్ కమ్యూనిటీలు ఇంకా ఉన్నాయి. రేపు అన్నీ ఇలాగే ఒంటిగంట తర్వాత ఖాళీని నింపుకోవడం మొదలుపెడితే, ఎవరి ప్యానెల్‌లో చూసినా 598 లాంటి అంకే కనిపిస్తుంది. ఫీడరు మీద ఎంత ఉందో సబ్‌స్టేషన్ మీటరులో ఉంటుంది. మా కంట్రోలర్‌కి అది కనపడదు. ఆ రీడింగ్ మాతో పంచుకోమని సొసైటీ తరఫున డిస్కంకు, అంటే కరెంటు సరఫరా చేసే సంస్థకు, ఉత్తరం రాశాం. జవాబు ఇంకా రాలేదు. డయల్ మీద నేను అంటించిన కాగితం మాత్రం అలాగే ఉంది. దాని కింద ఎలక్ట్రీషియన్ రోజూ రాత్రి పదిన్నర రీడింగ్ రాయడానికి ఆర్, వై, బి అని మూడు గళ్లు గీసిన స్కూలు నోటుబుక్కు వేలాడదీశాడు.